ఖాళీ గిన్నె ఉత్తర్వు

మేడిశెట్టి నాగభూషణం తన మేడ మీద వాటాలో ఉంటున్న సంగతి ఆ ఇంటి ఓనరు తరచూ మర్చిపోతుండేవాడు. ఒకసారి బజార్లో ఎదురుపడి, "బాగున్నారాండి? ఇప్పుడెక్కడుంటన్నారు?" అని అడిగాడు. "మీ ఇంట్లోనేనండి," అన్నాడు నాగభూషణం, ఆయన్ని ఇబ్బందిలో పెట్టినందుకు తానే నొచ్చుకుంటూ.

అంత బుద్ధిమంతుడు. ఉద్యోగం పాలిటెక్నిక్ కాలేజీ ప్రయోగశాలలో. పొద్దస్తమానం గాజుసామాను కడిగి, తుడిచి, సర్దే మనిషి కాబట్టి ఇల్లంతా గాజుదే అన్నట్టు నడుచుకునేవాడు. మెట్లెక్కేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకునేవాడు. కింది వాటా ముందు నీటిబొట్లు పడతాయని తడిబట్టల్ని మెలిపెట్టి మెలిపెట్టి పిండితే ఏడాదికి రెండు లుంగీలు చిరిగేవి. తుమ్ము వస్తే తలగడలోకి తుమ్మేవాడు. కుక్కరు మూడో కూత కూయబోతుంటే పరుగెత్తుకెళ్ళి స్టవ్ కట్టేసేవాడు. అందువల్ల ఆ ఇంట్లో కందిపప్పు ఏనాడూ పూర్తిగా ఉడికిన పాపాన పోలేదు.

ఇల్లు కాకినాడలో, జగన్నాథపురం వంతెన దాటాక, ఉప్పుటేటి గాలి తగిలే ఒక సందులో ఉంది. రెండే వాటాలు. కుళాయి ఒకటి, పెరడు ఒకటి, బట్టలారేసుకునే దండెం ఒకటి. కింది వాటాలో బళ్ళ మంగాయమ్మ అద్దెకుంటోంది. మునిసిపాలిటీ బడిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసి రిటైరైన మనిషి. భర్త పోయాడు, పిల్లలు కలగలేదు. ఆవిడకి చిన్నగా మాట్లాడటం రాదు, కొంచెంగా వండటం రాదు. ఉన్నది తానొక్కతే అయినా నలుగురికి సరిపడా వండేసి, "అయ్యో, ఎక్కువైపోయిందే" అని ప్రతిరోజూ కొత్తగా ఆశ్చర్యపోయి, కూర గిన్నెలో పెట్టుకుని మెట్లెక్కేది.

నాగభూషణం భార్య వీరవేణికి పెళ్ళయిన తొమ్మిదో ఏట నెల తప్పింది. సంతోషం వెనకాలే భయమూ వచ్చి కూర్చుంది. తొలి పురుడు పుట్టింట్లో జరగాలంటారు. వీరవేణికి పుట్టిల్లంటూ మిగల్లేదు. తల్లి చిన్నప్పుడే పోయింది, తండ్రి నిరుడు పోయాడు. ఇటు నాగభూషణం వైపు కూడా ఆడదిక్కు లేదు. ఒకరోజు కుళాయి దగ్గర బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోకుండా వీరవేణి ఏడుస్తుంటే మంగాయమ్మ చూసింది.

"దీనికే ఏడుత్తారేటే? పురుడు నేను పోత్తాను. పత్యం నేను వండుతాను. బిడ్డకి నీళ్ళు నేను పోత్తాను. నువ్వు కనిపడెయ్యి, సాలు," అంది.

ఆ మాటతో మొగుడూ పెళ్ళాలిద్దరికీ గుండె కుదుటపడింది. బిడ్డ పుట్టి మూడో నెల వచ్చేదాకా ఆ ఇంట్లోంచి కదిలే పని పెట్టొద్దని నాగభూషణం కనిపించిన దేవుడికల్లా మొక్కుకున్నాడు. ఆయనకి ఈ లోకంలో ఇంకో కోరిక ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

వీరవేణికి ఐదో నెల నడుస్తుండగా పట్టణ సహనివాస సౌమనస్య మండలి ఆ ఊళ్ళో పని మొదలుపెట్టింది.

అద్దె ఇళ్ళలో కలిసి ఉండేవాళ్ళు ఒకరికొకరు ఇబ్బంది కలిగించకుండా మసలుకోవాలన్నది మండలి ఆశయం. ఎవరు కాదంటారు? ఆ ఆశయసాధన కోసం మండలి మూడేళ్ళపాటు పరిశోధన చేసింది. వాటాల ఇళ్ళలో జరిగిన వెయ్యిన్నొక్క తగాదాలను పోగుచేసి, ఇరుగుపొరుగులు తిట్టుకున్న తిట్లన్నిటినీ శుభ్రంగా టైపు చేయించి, పెద్దలంతా కూర్చుని చదివారు. కుళాయి దగ్గర మొదలైన తగాదా గానీ, చీపురు దగ్గర మొదలైన తగాదా గానీ, ఎక్కడో ఒకచోట "నీకు నేనెంత చేశానో మర్చిపోయావా" అన్న మాట దగ్గరికి రాకుండా ముగియలేదు. పెద్దలకి రోగం మూలం దొరికింది. చేశారు కాబట్టే కదా ఆ మాట అనగలిగారు. చేయకపోతే అనే అవకాశమే లేదు. కాబట్టి తగాదాలకి కారణం ఉపకారం. దాన్ని నిర్మూలిస్తే సౌమనస్యం దానంతటదే వర్ధిల్లుతుంది.

ఊరు ఈ మాటని భలేగా పట్టుకుంది. "ఉపకారం మానండి, సౌమనస్యం పెంచండి" అని ఆటోల వెనక రాయించారు. నాగభూషణం పనిచేసే కాలేజీలో "పొరుగువారికి ఏమీ చేయకుండుట ఎట్లు?" అన్న అంశం మీద వక్తృత్వ పోటీ పెట్టారు. మొదటి బహుమతి వచ్చిన కుర్రాడు, తాను వేదిక ఎక్కుతుంటే చెయ్యి అందించబోయిన ప్రిన్సిపాలుగారిని సున్నితంగా వారించాడట. దానికే ఎక్కువ మార్కులు పడ్డాయని చెప్పుకున్నారు.

నిబంధన మటుకు చాలా సులువుగా ఉంది. వాటాల ఇళ్ళలో ఉండే ప్రతి అద్దెదారూ సౌమనస్య ధ్రువపత్రం తీసుకోవాలి. పక్కవాటాతో ఉపకారం ఏదీ పెండింగులో లేదని తేలితే అది ఇస్తారు. లేదంటే, ఇచ్చినవాళ్ళనీ పుచ్చుకున్నవాళ్ళనీ ఇద్దర్నీ రెండు నెలల్లో ఖాళీ చేయించడం ఇంటి ఓనరు బాధ్యత.

నాగభూషణం నోటీసు చదివి ఎన్నడూ లేనంత ధీమాగా నవ్వుకున్నాడు. "నాకివ్వకపోతే ఇంకెవరికిస్తారే వేణీ?" అన్నాడు. మంచి అద్దెదారుగా ఉండటం తప్ప ఆయన జీవితంలో వేరే సాధించిందేమీ లేదు. ఇన్నాళ్ళకి దానికొక పరీక్ష పెట్టి, పాసైతే కాగితం కూడా ఇస్తామంటున్నారు.

మరుసటి ఆదివారం ఉదయం మండలి తరఫున పరిశీలకుడు వక్కలంక త్రివిక్రమరావు వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, మనిషి నెమ్మదస్తుడే. కానీ ఫైలు తెరిచాడంటే ఆయన నోట మామూలు తెలుగు రాదు.

"గత ఆరుమాసములలో పొరుగువాటావారి నిద్రకు తమ వలన భంగము వాటిల్లెనా?"

"లేదండి."

"తమ కుక్కరు కూత దిగువ వాటాకు వినబడెనా?"

"రెండు కూతలండి. మూడోది రానివ్వనండి."

త్రివిక్రమరావు కలం ఆపి తలెత్తి చూశాడు. ఇటువంటి మనిషిని ఆయన ఇంతవరకూ చూడలేదు. నలభై ప్రశ్నలకీ నలభై మార్కులు వేశాడు. ఇక వంటిల్లు చూడటం ఒక్కటే మిగిలింది. అలమర తలుపు తీశాడు, అక్కడే ఆగిపోయాడు.

మనవాళ్ళకి స్టీలుసామాను కొన్నచోటే పేరు చెక్కించుకునే అలవాటు ఉంది. పెళ్ళిళ్ళలో పేరంటాల్లో గిన్నెలు మారిపోతే గుర్తుపట్టాలి కదా. అలమర రెండో అరలో, బోర్లించి పెట్టిన గిన్నె అంచు మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు తళతళలాడుతున్నాయి.

"తమరి నామధేయము?"

"మేడిశెట్టి నాగభూషణమండి. ఇందాకే చెప్పానండి."

"ధర్మపత్ని?"

"వీరవేణండి."

"మరి ఈ బళ్ళ మంగాయమ్మ తమ అలమరలో ఎందులకున్నారు?"

"ఆవిడ కిందుంటారండి. అది ఆవిడ గిన్నండి. నిన్న చింతచిగురు రొయ్యలు పంపించారండి, మా ఆవిడకి నోరు చప్పగా ఉందంటే."

త్రివిక్రమరావు మొహంలో నిజమైన బాధ కనిపించింది. "రొయ్యలు ఎన్ని?"

"చూసుకోలేదండి. తినేసిందండి."

"పరిమాణము నిర్ధారింపశక్యము కాని ఉపకారము," అని రాసుకుని, కింద గీత గీసుకున్నాడు. "తమరు ఆందోళన చెందనవసరము లేదు. ఉపకారము సంభవించుట దోషము కాదు. నిలిచియుండుట దోషము. సదరు గిన్నె స్వస్థానమునకు చేరినచో దస్త్రము ముగియును. వారము దినములలో మరల వచ్చెదను."

ఇంత తేలిగ్గా పోయినందుకు నాగభూషణం ఊపిరి పీల్చుకున్నాడు. త్రివిక్రమరావు మెట్లు దిగీ దిగకముందే, "వేణీ, ఆ గిన్నె ఇచ్చిరానా?" అన్నాడు.

"ఉండండి, అందులో ఏదన్నా వెయ్యాలి కదా," అంటూ వీరవేణి డబ్బాలు వెతికింది. మొన్న చేసిన సున్నుండలు నాలుగు వేసి, మూతపెట్టి ఇచ్చింది. నాగభూషణం పట్టుకెళ్ళి ఇచ్చాడు. ఇచ్చిన గిన్నె ఖాళీగా వెనక్కి పంపకూడదన్న సంగతి వాళ్ళకి ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. ఎవరికి మాత్రం చెబుతారు? చెయ్యి దానంతటదే డబ్బా మూత మీదికి పోతుంది. ఏమీ లేని రోజున చిటికెడు పంచదారో, నాలుగు మిరపకాయలో వేస్తారు.

వారం తర్వాత త్రివిక్రమరావు వచ్చి నాగభూషణం అలమర చూశాడు. గిన్నె లేదు. సంతోషించాడు. కింద మంగాయమ్మ ఇంట్లో చూశాడు. గిన్నె ఉంది, అందులో ఒక సున్నుండ కూడా ఉంది.

"అమ్మా, ఇది ఎచ్చటినుండి వచ్చినది?"

"మా వేణి పంపింది బాబూ. తింటావా ఒకటి?"

త్రివిక్రమరావు రెండడుగులు వెనక్కి వేశాడు. నాగభూషణం ఫైలు మూసి, మంగాయమ్మ ఫైలు తెరిచాడు. ఉపకారం మేడ దిగి కింది వాటాలో నిలిచి ఉంది కదా. ఆవిడ ధ్రువపత్రం ఆగిపోయింది. "అంతేనా? ఇదుగో, ఇప్పుడే తీర్చేత్తాను," అని మంగాయమ్మ ఆయన కళ్ళముందే సున్నుండ నోట్లో వేసుకుని, అదే గిన్నెలో పనసపొట్టు కూర పెట్టి మేడ మీదికి పంపేసింది.

దాంతో మంగాయమ్మ ఫైలు మూతపడి నాగభూషణం ఫైలు తెరుచుకుంది. కూరకి బదులు అరిసెలు దిగాయి. అరిసెలకి బదులు పులిహోర ఎక్కింది. నెల తిరిగేసరికి ఆ గిన్నె పదకొండుసార్లు మెట్లెక్కింది, పదకొండుసార్లు దిగింది. ప్రతిసారీ త్రివిక్రమరావు దాని వెనకాల ఎక్కాడు, దిగాడు. ఆయన బరువు తగ్గాడు. వీరవేణి కాస్త ఒళ్ళు చేసింది.

ఆఖరికి నాగభూషణమే జాలిపడి ఒక ఉపాయం చేశాడు. గిన్నెలో ఒకే ఒక్క పంచదార పలుకు వేసి, "సార్, ఇది ఖాళీ కిందే రాసుకోండి. మా ఆవిడ మనసుకి ఖాళీ కాదు, మీ కంటికి ఖాళీ," అన్నాడు.

త్రివిక్రమరావు గిన్నెని కిటికీ దగ్గర వెలుగులో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయనకీ ఒప్పుకోవాలనే ఉంది. అంతలో గోడ మీదినుంచి ఒక చీమ దిగి, గిన్నె అంచు దాటి, తిన్నగా లోపలికి నడిచింది. త్రివిక్రమరావు నిట్టూర్చాడు. "పిపీలికము ప్రవేశించుచున్నది. కావున ఖాళీ కాదు," అని రాశాడు.

విషయం మండలి కార్యాలయానికి పోయింది. గిన్నె కూడా పోయింది, సీలు వేసిన గుడ్డసంచిలో. ఖాళీ అనగా ఏమిటో తేల్చడానికి అక్కడ ఖాళీతన నిర్ధారణ ఉపసంఘం వేశారు. గాలి ఉన్న గిన్నె ఖాళీయేనా, తడి ఉన్న గిన్నె ఖాళీయేనా అని ఉపసంఘం ఆరుసార్లు సమావేశమై అరవై పేజీల నివేదిక ఇచ్చింది. కూర వాసన మిగిలి ఉన్న గిన్నెని పాక్షికంగా నిండినదానిగా పరిగణించాలని అందులో ఒక సభ్యుడు పట్టుబట్టాడు. మిగతావాళ్ళు వాసన చూసి ఒప్పుకున్నారు.

విచారణ రోజున నాగభూషణం సెలవు పెట్టి వెళ్ళాడు. బల్లకి అవతల కార్యదర్శిగారు. బల్ల మీద గిన్నె. ఆయన ఉత్తర్వు పైకి చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, బళ్ళ మంగాయమ్మ అను పేరు గల స్టీలు గిన్నె ఒకటి, చింతపండుతో తోమి, ఎండలో ఆరబెట్టి, వాసనరహితమని ధ్రువీకరించుకొని, రాబోవు సోమవారము ఉదయము పదకొండు గంటలకు మేడిశెట్టి నాగభూషణము స్వహస్తములతో దిగువ వాటా గడప వద్ద, పరిశీలకుని సమక్షమున, ఖాళీగా అప్పగించవలెను. ఛాయాచిత్రము తీయబడును. ఈ ఉత్తర్వు ఉల్లంఘింపబడినచో ఇరువాటాలవారును ఇల్లు ఖాళీ చేయవలెను."

నాగభూషణం లేచి నిలబడ్డాడు. పెద్దవాళ్ళ ముందు ఎదురు మాట్లాడటం ఆయన ఒంట్లో లేదు. అయినా మాట్లాడాడు.

"అయ్యా, ఖాళీ గిన్నె ఎలా ఇస్తామండి? అలా ఇస్తే, మీకూ మాకూ ఇంతటితో సరి, ఇంక మా గుమ్మం ఎక్కకండి అన్నట్టండి. ఆవిడ నోరు తెరిచి ఏమీ అనదండి. కానీ అలాగే అవుద్దండి."

కార్యదర్శిగారి మొహం విప్పారింది. "సరిగ్గా సెలవిచ్చారు. మండలి ఆశయమును ఇంత క్లుప్తముగా ఇంతవరకు ఎవ్వరును చెప్పలేదు," అని, ఆ వాక్యాన్ని వార్షిక నివేదిక మొదటి పేజీకి రాసుకోమని గుమాస్తాకి పురమాయించారు. గిన్నెని తిరిగి గుడ్డసంచిలో పెట్టి నాగభూషణం చేతికిచ్చారు.

ఇంటికొచ్చి జరిగింది వీరవేణికి చెప్పాడు. అప్పటికి ఆమెకి ఏడో నెల వచ్చింది. కాళ్ళకి నీరు దిగి, గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఖాళీ గిన్నె పిన్ని చేతిలో పెట్టి, రేపు ఆ చేతుల్లోనే పురుడు పోయించుకోవాలి. నాకు మొహం ఎలా చెల్లుతుందండీ?" అంది.

"ఇవ్వకపోతే పిన్నిగార్ని కూడా ఖాళీ చేయిస్తారే. ఈ వయసులో ఆవిడెక్కడికెళ్ళాలి? నిన్ను ఏ కొత్త ఇంట్లో, ఎవరి చేతుల్లో పెట్టాలి నేను?"

ఆ పూట కుక్కరు ఏడు కూతలు కూసింది. ఆపడానికి నాగభూషణం లేవలేదు. ఆయన భయపడ్డాడు. తన మంచితనమంతా దేనికీ కొరగాకుండా పోయిందని సిగ్గుపడ్డాడు కూడా. పప్పు మెత్తగా ఉడికింది గానీ ఇద్దరికీ తినబుద్ధి కాలేదు.

మంగాయమ్మకి సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఉత్తర్వు నకలు ఆవిడకీ వచ్చింది. మర్నాడు పొద్దున్న మెట్ల కింద నిలబడి నాగభూషణాన్ని పిలిచింది. వంతెన అవతలకి వినపడే ఆవిడ గొంతు ఆ రోజు నాలుగో మెట్టు దాటి పైకి రాలేదు.

"కాళీగానే ఇచ్చెయ్యి నాగబూషణం. నేనేం అనుకోనులే."

అనుకోనులే అన్నప్పుడు ఆవిడ ఆయన వంక చూడలేదు. నాగభూషణం ఆ వేళ చెప్పులు చేత్తో పట్టుకోవడం కూడా మర్చిపోయి టపటపా మెట్లెక్కి పోయాడు. ఆ తర్వాత నాలుగు రోజులు మేడ మీదికి ఏ గిన్నే రాలేదు. కింద పోపు వేసిన చప్పుడైతే వీరవేణి పెరటివైపు తలుపు మూసుకునేది.

సోమవారం పదకొండుకి అయిదు నిమిషాలుండగా త్రివిక్రమరావు వచ్చాడు. ఫైలు, ముద్ర, ఫొటో తీయడానికి ఫోను, అన్నీ సిద్ధం. నాగభూషణం తోమి ఆరబెట్టిన గిన్నె రెండు చేతులతో పట్టుకుని కింది వాటా గడప ముందు నిలబడ్డాడు. త్రివిక్రమరావు గిన్నె వాసన చూసి తలాడించాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఎవరూ పలకలేదు.

పదకొండయింది. పదకొండుంబావయింది.

"సమయము అతిక్రమించుచున్నది," అంటుండగా వీధిలోంచి మంగాయమ్మ వచ్చింది. గంజిపెట్టిన చీర కట్టుకుంది. చేతిలో పెద్ద సంచి, సంచిలోంచి పువ్వులు, అరటిపళ్ళు, గాజుల అట్టపెట్టె బయటికి కనపడుతున్నాయి. నాగభూషణాన్నీ ఆయన చేతిలో గిన్నెనీ చూసి కూడా చూడనట్టే ఇద్దరి మధ్యలోంచి నడిచి, తిన్నగా మేడ మెట్లెక్కింది. చేసేదిలేక వీళ్ళిద్దరూ వెనకాల ఎక్కారు.

వీరవేణి లేచి నిలబడింది. మంగాయమ్మ సంచిలోంచి ఆకుపచ్చ నేతచీర తీసి ఆమె భుజం మీద కప్పింది.

"పదవే అమ్మా. ఏడో నెల వచ్చేసింది. పుట్టింటికి తీసుకెళ్దామని వచ్చాను."

ముందుగా తేరుకున్నది త్రివిక్రమరావే.

"అమ్మా, తమరు పరిస్థితిని మరింత జటిలము చేయుచున్నారు. గిన్నెయే తీరలేదు. చీర అనగా మహోపకారము."

"ఉపకారమేటి బాబూ? కూతురికి సారె ఎట్టుకోడం ఉపకారమా?"

"ఈమె తమ కుమార్తెయా?"

"మరేటనుకున్నావు?"

త్రివిక్రమరావు ఫైలు తిరగేశాడు. "తమ ఇంటిపేరు బళ్ళ. ఈమె ఇంటిపేరు మేడిశెట్టి."

"పెళ్ళైపోయిన పిల్లకి మొగుడి ఇంటిపేరు కాపోతే పుట్టింటి పేరుంటదా? మీ ఆవిడకి ఏ పేరుందేటి?"

త్రివిక్రమరావు ఆలోచించి, "సమంజసము" అని రాసుకున్నాడు. "అయిన యెడల ఈ బంధుత్వము ఇన్నాళ్ళు మండలికి ఎందులకు తెలుపలేదు?"

"నువ్వు గిన్నె సంగతి అడిగావు, సున్నుండల సంగతి అడిగావు. కూతురి సంగతి అడిగావా?"

అడగలేదు. ఫారంలోనే ఆ ప్రశ్న లేదు. త్రివిక్రమరావు కుర్చీలో కూర్చుండిపోయాడు. వీరవేణి చీర కొంగు రెండు చేతులతో పట్టుకుని మంగాయమ్మ మొహంలోకే చూస్తోంది. కళ్ళు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. నాగభూషణం గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

త్రివిక్రమరావు తెలివితక్కువవాడేం కాదు. ఈవిడకి పిల్లల్లేరని ఆయన ఫైల్లోనే, అది తెరిచిన రోజున, ఆయన చేతిరాతతోనే ఉంది. దాని గురించి అడగాలా వద్దా అని కాసేపు కలం తిప్పాడు. కానీ ఆయనకి అంతకంటే పెద్ద చిక్కు వచ్చిపడింది. కార్యదర్శిగారు ఉండేదీ వాటాల ఇంట్లోనే, అత్తమామల పక్కవాటాలో. వాళ్ళింట్లో పట్టెమంచం మొదలుకుని పప్పుగుత్తి దాకా మామగారి పేరు చెక్కి ఉన్నదే. పిల్లకి పెట్టిన సారె ఉపకారమని ఈ రోజు ఇక్కడ రాశాడంటే, రేపు అక్కడ ఇరవయ్యేడేళ్ళ ఉపకారం పెండింగులో తేలుతుంది. తేల్చవలసిన పరిశీలకుడూ తానే.

ఆయన నుదురు తుడుచుకుని రాయడం మొదలుపెట్టాడు. "సారె ఉపకారము కానేరదు."

"అయితే గిన్నె?" అన్నాడు నాగభూషణం మెల్లిగా.

"సారెలో వచ్చిన సామాను మరల పుట్టింటికి ఇచ్చుట లోకమున ఎచ్చటను లేదు. అలమరలో పెట్టుకొనుడు." త్రివిక్రమరావు పేజీ తిప్పాడు. "ఇక గర్భిణి ప్రయాణ వివరములు. బయలుదేరు స్థలము, మేడ మీది వాటా. చేరు స్థలము, దిగువ వాటా. దూరము?"

"పద్నాలుగు మెట్లండి."

"పద్నాలుగు మెట్లు. గర్భిణి అచ్చట ఉన్నంతకాలము తమరి భోజనము?"

నాగభూషణం ఏం చెబితే ఏం తప్పు వస్తుందోనని మంగాయమ్మ వంక చూశాడు.

"అల్లుడు అత్తారింట్లో తినకపోతే ఎక్కడ తింటాడు?" అంది మంగాయమ్మ.

త్రివిక్రమరావుకి పెళ్ళై ఎనిమిదేళ్ళయింది. అత్తవారింట్లో తిన్నది ఉపకారమని ఆయనకి ఎన్నడూ తోచలేదు. ఇప్పుడూ తోచలేదు. "అల్లుని భోజనము ఉపకారముగా పరిగణింపబడదు," అని రాశాడు. ఇద్దరి ఫైళ్ళూ కలిపి ఒకే దారంతో కట్టాడు. ఒక్క కుటుంబమే ఉన్న ఇంట్లో పక్కవాటా అంటూ ఉండదు కాబట్టి మండలికి ఇక్కడ పని లేదని తేల్చాడు. వాటాల తగాదాలకు అవకాశమున్న ఇళ్ళలో ఒకటి శాశ్వతంగా తగ్గిందని ఆ నెల నివేదికలో వేసుకోవచ్చునని కూడా ఆయనకి తట్టింది.

చివరికి బంధుత్వ ప్రకటన అని పైన రాసి, కింద గళ్ళు గీసి, కాగితం మంగాయమ్మ ముందుకి జరిపాడు. ఆ మాటల్లో మటుకు మండలి భాష లేదు.

"ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

"ఎక్కడ బాబూ?"

"అదిగో, తల్లి అని ఉంది చూడండి. దాని పక్కన."

మంగాయమ్మ కలం అందుకుంది. ముప్పై ఏళ్ళపాటు బడి హాజరుపట్టీలో రోజూ సంతకం పెట్టిన మనిషి. కొంగుతో చేతులు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. కలం కాగితం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ గడి వంకే చూస్తూ కూర్చుంది. త్రివిక్రమరావు గడియారం చూసుకున్నాడు గానీ తొందరపెట్టలేదు.

"తప్పు రాసేత్తానేమోనని బయ్యంగా ఉందే," అంది ఆఖరికి, ఎవరికీ వినపడనంత చిన్నగా.

వీరవేణి మెల్లిగా వంగి ఆవిడ పక్కన కూర్చుంది. కాగితం కదలకుండా రెండు చేతులతో అదిమిపట్టింది. మంగాయమ్మ ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ పూర్తిపేరు రాసింది.

త్రివిక్రమరావు ఆ సిరా ఆరేదాకా ఆగి, సంతకం పక్కన "ఉపకారము లేదు" అని ముద్ర వేశాడు.